నీళ్లు తాగిన బండి

డే అండ్ నైట్ జంక్షన్ పక్క సందులో
టైర్లకి నల్లరంగు పూసి చూపించాడు జగ్గారావు.
డాక్టరుగారి బండి,
ఆదివారాలు తప్ప బయటికి తియ్యలేదన్నాడు.
మీటరు నలభైరెండు వేలు చూపిస్తోంది.
క్లచ్ పెడల్ మీది రబ్బరు మాత్రం
అరిగి అరిగి అద్దంలా మెరుస్తోంది.
చూశాను. చూసి కూడా
డిక్కీ ఎంత పెద్దదో అన్నాను.

రెండు లక్షల పదివేలు.
చీటీ పాడిన డబ్బు కొంత,
ఢిల్లేశ్వరి గొలుసు కుదవపెట్టింది కొంత.
స్తంభాలెక్కే లైన్‌మన్‌కి
వెనక డిక్కీ ఉన్న కారు!
టెక్కలి చేరేదాకా ఏసీ వెయ్యనివ్వలేదు తను,
అద్దం దించుకుని కూర్చుంది
దారిలో తెలిసినవాళ్లు కనపడతారని.

రెండో నెల మడపాం టోల్‌గేటు దగ్గర
సూది ఎర్రగీత దాటింది.
బానెట్ లోంచి ఇడ్లీ కుండ ఆవిరి,
వెనక లారీల హారన్లు.
తాగడానికి తెచ్చుకున్న సీసాలన్నీ దానికే పోసి
మేం దాహంతో ఇంటికొచ్చాం.

రేడియేటరు ఆరువేల నాలుగొందలు.
పాల లెక్క పుస్తకాన్ని తిరగేసి
వెనక అట్ట నుంచి రాయడం మొదలెట్టింది ఢిల్లేశ్వరి.
క్లచ్ ప్లేటు. రెండు బుష్‌లు. బ్యాటరీ.
బ్యాటరీ మళ్లీ.
ఇన్సూరెన్సు పక్కన ఏమీ రాయలేదు, గీత గీసింది.
పాలు ముందునుంచి, కారు వెనకనుంచి,
శ్రావణం రాకుండానే
రెండూ ఒకే పేజీలో ఎదురుపడ్డాయి.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి.
ఎర్రటి ఎండలో వైపరు తనంతట తాను ఊగేది.
కుడివైపు తిప్పితే హారను మోగేది.
వానొస్తే అద్దం పైకి లేచేది కాదు.
మూడు ఊళ్లకి కరెంటు ఇచ్చేవాణ్ణి,
నా బండిలో ఫ్యూజు ఎందుకు పోతోందో
నాకే తెలియలేదు.

కోటబొమ్మాళి తవిటయ్య
సీటు బోల్టులిప్పి, కింద మ్యాటు పీకి,
చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.
"నీలు తాగీసిన బండి బావూ ఇది.
వైరింగంతా సిలుం పట్టీసినాది.
ఒకటి కడితే ఒకటి ఊడతాది.
మీటరంటావా, ఎవుడో ఎనక్కి తిప్పీసినాడు."

మ్యాటు కింద బూడిదరంగు ఒండ్రు,
అందులో ఎండిన జీడాకు ఒకటి.

ఆ మన్ను నాకు తెలుసు.
తిత్లీ తుఫానుకి పలాస పక్క పంపారు మమ్మల్ని.
పంతొమ్మిది రోజులు బడి బల్లల మీద నిద్ర,
పులిహోర పొట్లాలు, కాళ్ల వేళ్ల మధ్య పుళ్లు.
వజ్రపుకొత్తూరు దారిలో ఒకచోట
నిచ్చెన నిలవక, తీగ అందక,
నీళ్లలోంచి తేలిన తెల్లకారు పైకప్పు మీద
నిలబడి లాగాం నేనూ గురువులూ.
రేకు నొక్కుకుపోయిన చప్పుడు కూడా గుర్తుంది.
ఎవడిదో పాపం అనుకున్నాం.

ఇది అదే అని నేననను.
మా బండి పైకప్పు మీద మాత్రం ఒక సొట్ట ఉంది,
తెల్లవారితే అందులో మంచు నిలుస్తుంది,
పిచ్చుకలొచ్చి తాగుతాయి.

"సెప్పకుండా అమ్మీ బావూ" అన్నాడు తవిటయ్య
కాజా బిల్లు మీద పాతిక తగ్గించినట్టు, మెల్లిగా.

పాతపట్నం నుంచి ఒక కుర్ర మాస్టారొచ్చాడు.
డోరు వేసి తీసి, తీసి వేసి,
"ప్రాబ్లమ్స్ ఏమైనా ఉన్నాయా అండీ?" అన్నాడు.
డిక్కీ చాలా పెద్దదని చెప్పబోయాను.
ఢిల్లేశ్వరి లోపలికెళ్లి
పాల పుస్తకం తెచ్చి
తిరగేసి అతని చేతిలో పెట్టింది.

అతను కదలకుండా చదివాడు.
పాలు మొదలైన పేజీ దాకా చదివి,
నవ్వి, టీ తాగి, బస్సెక్కి వెళ్లిపోయాడు.

గొలుసు ఇంకా సేటు దగ్గరే ఉంది.
నేను తనతో మాట్లాడలేదు ఆ సాయంత్రం.
చినుకు లేదు, మబ్బు లేదు.
వాకిట్లో వైపరు ఒక్కసారి
అటు వెళ్లి
ఇటు రాలేదు.